ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువు విదేశంలో: కోర్సు ఎంపిక నుంచి పని అనుమతి దాకా

నాటకశాల, మ్యూజియం, సంగీతోత్సవం, డాన్స్ కంపెనీ, గ్యాలరీ. ఇవి జీతాలిస్తూ, ప్రేక్షకుల్ని రప్పించుకుంటూ, వచ్చే ఏడాది కూడా తలుపులు తెరిచి ఉండాలంటే ఎవరో ఒకరు లెక్కలు చూడాలి, నిధులు తేవాలి, ఒప్పందాలు రాయాలి, టికెట్లు అమ్మాలి. ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులు నేర్పేది ఈ పనే. రంగం చిన్నది. మొదటి ఉద్యోగాల్లో జీతాలు తక్కువ. పనుల్లో చాలా భాగం తాత్కాలిక ఒప్పందాలు, ఫ్రీలాన్స్. విదేశీ విద్యార్థికి వీసా నిబంధనలు అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే.

అందుకని ర్యాంకుల పట్టికతో మొదలుపెట్టకండి. ఆ దేశంలో కళలకు డబ్బు ఎవరిస్తున్నారు, చదువుతూ ఏ పని చేయనిస్తారు, చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు? ఈ మూడూ తేలాక కోర్సులు వెతకండి.

డబ్బు ఎవరిదో ముందు చూడండి

అమెరికాలో కళా సంస్థల్లో ఎక్కువ భాగం లాభాపేక్ష లేని సంస్థలు. టికెట్ల ఆదాయానికి తోడు వ్యక్తులు, ఫౌండేషన్లు ఇచ్చే విరాళాల మీద నడుస్తాయి. 1965లో ఏర్పడిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద ఆర్ట్స్ ఉన్నా, ప్రభుత్వ వాటా చిన్నది. కాబట్టి అక్కడి కోర్సుల్లో నిధుల సేకరణ, దాతలతో సంబంధాలు, బోర్డును నడపడం ప్రధానంగా ఉంటాయి. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ ఏర్పడింది. ప్రభుత్వం డబ్బిచ్చినా, ఎవరికి ఎంత పంచాలో మంత్రులు చెప్పకూడదన్నది దాని పద్ధతి. సాంస్కృతిక విధానం, గ్రాంటు దరఖాస్తులు, ప్రేక్షకుల పెంపు అక్కడ ముఖ్యం. జర్మనీలో నాటకశాలలు, ఆర్కెస్ట్రాలు చాలావరకు రాష్ట్రాలు, నగరాల సొమ్ముతో నడుస్తాయి. అక్కడ పాలనా నియమాలు తెలియాలి, అంతకంటే ముందు జర్మన్ రావాలి.

ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు, చేతులారా చూడొచ్చు. అమెరికా లాభాపేక్ష లేని సంస్థలు తమ ఆదాయ వ్యయాల లెక్కలతో ఏటా వేసే ఫారం 990 బహిరంగ పత్రం. ప్రోపబ్లికా వారి నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లండ్, వేల్స్ సంస్థల లెక్కలు ఛారిటీ కమిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి. మీకు నచ్చిన మూడు సంస్థల లెక్కలు తీసి, టికెట్ల ఆదాయం ఎంత శాతం, విరాళాలు ఎంత, ప్రభుత్వ గ్రాంటు ఎంత అని ఒక కాగితం మీద రాసుకోండి. ఒక సాయంత్రం సరిపోతుంది. ఎస్‌ఓపీలోనూ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) ఇంటర్వ్యూలోనూ మీ దగ్గర మాట్లాడటానికి సరుకుంటుంది.

కోర్సు పేరు చూసి మోసపోకండి

ఒకే పనికి పేర్లు చాలా ఉన్నాయి: ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్, ఆర్ట్స్ మేనేజ్‌మెంట్, కల్చరల్ మేనేజ్‌మెంట్, కల్చరల్ పాలసీ, క్రియేటివ్ ఇండస్ట్రీస్. పేరు ఒకటైనా లోపల సరుకు వేరు కావచ్చు. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఉన్నది ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ ఎంఏ. కార్నెగీ మెలన్‌లో మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ హైంజ్ కాలేజీలో ఉంది. అది ప్రభుత్వ విధానం, సమాచార వ్యవస్థలు నేర్పే కాలేజీ కాబట్టి కోర్సులో అంకెల పాలు ఎక్కువ. లండన్‌లో కింగ్స్ కాలేజీది ఆర్ట్స్ అండ్ కల్చరల్ మేనేజ్‌మెంట్, గోల్డ్‌స్మిత్స్‌ది ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ అండ్ కల్చరల్ పాలసీ. రోటర్‌డామ్ ఎరాస్మస్ యూనివర్సిటీలో సాంస్కృతిక అర్థశాస్త్రం వైపు మొగ్గు. హెల్సింకీలో సిబేలియస్ అకాడమీ రెండేళ్ల ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌ను ఇంగ్లిష్‌లోనే నడుపుతుంది. జర్మనీలో వైమార్ సంగీత విశ్వవిద్యాలయపు కల్చరల్ మేనేజ్‌మెంట్ కోర్సు మాత్రం జర్మన్‌లో.

మాడ్యూళ్ల జాబితా తెరిచి మూడు విషయాలు చూడండి. ఫైనాన్స్ తప్పనిసరా, ఐచ్ఛికమా? ఐచ్ఛికమైతే ఆ కోర్సు సిద్ధాంతం వైపు ఒరిగిందని అర్థం. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మంచిదే, ఉద్యోగం కావాలంటే మళ్లీ ఆలోచించుకోండి. ఇంటర్న్‌షిప్‌ను కోర్సే ఏర్పాటు చేస్తుందా, లేక ‘అవకాశం ఉంది’ అని రాసి వెతుక్కునే బాధ్యత మీ మీద వేస్తుందా? ఈ ప్రశ్న కోర్సు కోఆర్డినేటర్‌కు ఈమెయిల్‌లో అడగండి, గత ఏడాది విదేశీ విద్యార్థులు ఎక్కడెక్కడ చేశారో కూడా అడగండి. జవాబు గాల్లో తేలుతూ ఉంటే అదే జవాబు. మూడోది, పాఠాలు చెప్పేవాళ్లలో సంస్థలు నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది.

క్యూరేటింగ్, మ్యూజియం స్టడీస్ వేరే దారులు. ప్రదర్శనలో ఏముండాలో నిర్ణయించాలన్నది మీ ఆశయమైతే వాటికే వెళ్లండి.

పని గంటలు, ఉండే కాలం: దేశాలవారీగా

నిబంధనలు తరచూ మారతాయి. దరఖాస్తు చేసే వారంలో ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోండి.

బ్రిటన్‌లో మాస్టర్స్ సాధారణంగా ఏడాది. తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటల పని. స్వయం ఉపాధి నిషేధం, వృత్తి కళాకారుడిగా పనిచేయడమూ నిషేధమే. మన రంగంలో ఇది పెద్ద చిక్కు. ఒక ఉత్సవానికి సోషల్ మీడియా చూసిపెట్టి ఇన్వాయిస్ పంపితే అది ఫ్రీలాన్స్, అంటే వీసా ఉల్లంఘన. జీతాల జాబితాలో మీ పేరు పెట్టి పేస్లిప్ ఇచ్చే పనే చేయండి. ఇంకో మెలిక చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది: మాస్టర్స్ విద్యార్థికి వేసవి సెలవు కాదు, డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాసే కాలం. కాబట్టి కోర్సు అధికారికంగా ముగిసేదాకా 20 గంటల పరిమితి ఉంటుంది. ఎడిన్‌బరో ఉత్సవాలు జరిగే ఆగస్టు నెల దీంట్లోనే పడుతుంది. ఫుల్‌టైమ్ ఉత్సవ ఉద్యోగం ఒప్పుకునే ముందు కోర్సు ముగింపు తేదీ చూసుకోండి.

చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. 2025 జులై నుంచి దాని సాధారణ జీత పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా రంగంలోకి వచ్చేవారికి 33,400. కళా సంస్థల్లో తొలి ఉద్యోగాలు చాలావరకు ఈ గీత కిందే ఉంటాయి. బ్రిటన్‌ను ఎంచుకునేవాళ్లు ఏడాది చదువు, ఏడాదిన్నర అనుభవం, తిరుగు ప్రయాణం అన్న లెక్కతో వెళ్తే గుండె నిబ్బరంగా ఉంటుంది.

అమెరికాలో చదువు మామూలుగా రెండేళ్లు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలు. క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి ముందే ఉండాలి, జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా సరే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడిగాకే మొదలుపెట్టండి. పూర్తికాల సీపీటీ 12 నెలలు చేస్తే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, పోతుంది. చదువయ్యాక ఓపీటీ 12 నెలలు. మరో 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు కోర్సు సీఐపీ కోడ్ మీద, అంటే కోర్సు రంగాన్ని సూచించే సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ సాధారణ కోడ్ 50.1001, అది స్టెమ్ కాదు. మీ ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఏ కోడ్ వస్తుందో అడ్మిట్ ఒప్పుకునే ముందే యూనివర్సిటీని అడగండి. రెండు కోర్సుల మధ్య ఊగుతుంటే ఈ ఒక్క సంఖ్యే తేల్చేయవచ్చు.

ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటల పని. చదువు తర్వాతి 485 వీసాకు మీ కోర్సు అక్కడి అధికారిక నమోదులో కనీసం 92 వారాలదై ఉండాలి, వయసు సాధారణంగా 35 దాటకూడదు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కల్చరల్ మేనేజ్‌మెంట్ రెండేళ్లది. ముందు చదువుకు క్రెడిట్ తీసుకుని ఫీజు మిగుల్చుకోవాలని అనిపిస్తుంది. ఆగండి, అలా కుదించిన కోర్సు 92 వారాల లోపు పడితే వీసా అర్హతే పోవచ్చు.

కెనడాలో వారానికి 24 గంటలు. అక్కడ కాలేజీలు నడిపే ఏడాది పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్లు చవకగా, ఆకర్షణీయంగా ఉంటాయి. అయితే 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారికి, డిగ్రీ కాని కోర్సుల మీద చదువయ్యాక వర్క్ పర్మిట్ రావాలంటే ఆ కోర్సు ప్రభుత్వ జాబితాలో ఉన్న రంగానిదై ఉండాలి. ఆ జాబితా వైద్యం, సైన్స్, వ్యవసాయం, నిర్మాణ వృత్తులు, రవాణా వంటి వాటి చుట్టూ తిరుగుతుంది. కోర్సు కోడ్ అందులో కనబడకపోతే ఫీజు కట్టకండి. బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలకు ఈ షరతు లేదు.

నెదర్లాండ్స్‌లో వారానికి 16 గంటలు, దానికీ యజమాని పర్మిట్ తీసుకోవాలి. చదువయ్యాక ఏడాది ఉద్యోగం వెతుక్కోవచ్చు. జర్మనీ 18 నెలలు ఇస్తుంది.

పదిహేను నెలల ముందు నుంచి

సెప్టెంబరులో చేరాలంటే అంతకు ముందు ఏడాది జూన్‌లో పని మొదలవ్వాలి. జూన్, జులైల్లో దేశం, కోర్సుల వడపోత. ఆరేడు చాలు, ఇరవై కోర్సులకు పంపే దరఖాస్తులు ఇరవై చోట్లా పేలవంగా ఉంటాయి. ఆగస్టులో ఇంగ్లిష్ పరీక్ష. ఐఈఎల్‌టీఎస్‌లో ఈ కోర్సులు సాధారణంగా 6.5 నుంచి 7 దాకా అడుగుతాయి, మొత్తం స్కోరుతో పాటు రైటింగ్‌కు విడిగా కనీసం ఉంటుంది. చాలామంది తప్పేది రైటింగ్‌లోనే కాబట్టి రెండోసారి రాయడానికి వ్యవధి ఉంచుకోండి. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. అమెరికా గడువులు చాలావరకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు, ఫిన్లాండ్‌లో జనవరి. బ్రిటన్‌లో నింపుకుంటూ పోతారు, గడువు దూరంగా కనిపించినా ముందే సీట్లు అయిపోవచ్చు.

చూపించడానికి ఏదైనా చేసి ఉండాలి

కళలో డిగ్రీ లేకపోయినా చాలా కోర్సులు తీసుకుంటాయి. కామర్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లూ వస్తారు. కానీ ఏ ప్రదర్శన వెనకా పనిచేయని దరఖాస్తు బలహీనం. ఆరు నెలలు ఏదైనా ఉత్సవంలో, గ్యాలరీలో, నాటక బృందంలో పనిచేయండి, పని చిన్నదైనా ఫర్వాలేదు. ప్రతి పని దగ్గరా అంకెలు రాసుకోండి: సీట్లెన్ని, అమ్మినవెన్ని, ఉచిత పాసులెన్ని, ఖర్చెంత, ఎవరెవరు డబ్బిచ్చారు.

రెజ్యూమేలో ‘నృత్యోత్సవంలో వాలంటీర్‌గా పనిచేశాను’ అన్న వాక్యం ఏమీ చెప్పదు. ‘మూడు రోజుల ఉత్సవం, 400 సీట్ల హాలు, ఆన్‌లైన్ బుకింగ్ నా బాధ్యత. పాసులు తీసుకున్నవారిలో మూడో వంతు రాలేదు, మరుసటి రోజు పాసులకు ముందురోజు ధ్రువీకరణ పెట్టాం’ అంటే చదివేవాళ్లకు మనిషి కనిపిస్తాడు.

ఒక బడ్జెట్ అయినా స్వయంగా వేసి ఉండాలి. 400 సీట్ల హాలు, ప్రదర్శన ఖర్చు 6,000 యూరోలు, టికెట్ 20 యూరోలు అనుకోండి. 300 టికెట్లు అమ్మితే ఖర్చు వచ్చేస్తుంది, అంటే హాలు 75 శాతం నిండితే చాలని మొదట అనిపిస్తుంది. బుకింగ్ సంస్థ పది శాతం తీసుకుంటే చేతికొచ్చేది 18 యూరోలు. ఇప్పుడు 334 టికెట్లు కావాలి. స్పాన్సర్లకు, పత్రికలవాళ్లకు, కళాకారుల బంధువులకు 40 పాసులు పోతే అమ్మకానికి మిగిలేవి 360 సీట్లే. అంటే అమ్మదగిన సీట్లలో 93 శాతం అమ్మాలి. 75 అనుకున్నది 93 అయింది. ఖర్చు కింద హాలు అద్దె, కళాకారుల పారితోషికం, సౌండు, లైట్లు, బీమా, సంగీత హక్కుల రుసుము, ప్రచారం విడివిడిగా రాసి, పది శాతం అనుకోని ఖర్చులకు కలపండి. ఈ లెక్క వేసినవాడికీ వేయనివాడికీ తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ఎస్‌ఓపీ, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ

‘చిన్నప్పటి నుంచి కళలంటే ప్రాణం’ అన్న మొదటి వాక్యాన్ని కొట్టేయండి. అక్కడికి దరఖాస్తు పంపే అందరికీ ప్రాణమే. మీరు దగ్గరగా చూసిన ఒక సమస్యతో మొదలుపెట్టండి: యువ ప్రేక్షకులు రావడం లేదు, ఉత్సవం ఒకే స్పాన్సర్ మీద ఆధారపడి ఉంది, ఆర్కైవ్ పాడైపోతోంది. మీరేం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఆగిన చోట ఈ కోర్సులో ఏ మాడ్యూల్ పనికొస్తుంది అన్నది తర్వాత. మాడ్యూల్ పేరు మార్చి వేరే యూనివర్సిటీకి అదే వ్యాసం పంపగలిగితే అది సరిగ్గా రాయలేదని లెక్క. చివరి పేరాలో చదువయ్యాక ఏం చేస్తారో ఒక పని పేరుతో చెప్పండి. ‘కళలకు సేవ’ అంటే అర్థం లేదు. ‘ఒక మధ్యస్థాయి డాన్స్ కంపెనీలో నిధుల సేకరణ’ అంటే అర్థం ఉంది.

సిఫార్సు లేఖలు రెండో మూడో అడుగుతారు. ఒకటి పాఠం చెప్పినవారిది, ఒకటి పని చేయించినవారిది. పెద్ద కళాకారుడి పేరు కోసం వెంపర్లాడకండి. మిమ్మల్ని రెండుసార్లు చూసిన ప్రముఖుడి లేఖ కన్నా మీతో ఆరు నెలలు పనిచేసిన మేనేజర్ లేఖకు బరువెక్కువ. లేఖ రాసేవారికి మీ పనుల అంకెలు ఒక పేజీ రాసి, గడువుకు ఆరు వారాల ముందే ఇవ్వండి. సంస్థ ఈమెయిల్ చిరునామా నుంచి పంపమనండి. వ్యక్తిగత చిరునామా నుంచి వచ్చే లేఖల్ని కొన్ని యూనివర్సిటీలు తీసుకోవు.

ఇంటర్వ్యూ ఉంటే తప్పకుండా రాగల ప్రశ్న: ‘మీరు మెచ్చే ఒక కళా సంస్థ ఏం తప్పు చేస్తోంది?’ మొదట్లో చదివిన లెక్కలు ఇక్కడ అక్కరకొస్తాయి.

ఫీజు, స్కాలర్‌షిప్, వీసాకు చూపించే సొమ్ము

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి. వాలంటీర్ పని, ఇంటర్న్‌షిప్ గంటలూ కలుస్తాయి కాబట్టి ఉత్సవాల్లో చేసిన ప్రతి రోజుకూ తేదీలు, గంటలు రాసి ఉంచుకోండి. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది. భారత పౌరులకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో ఆర్ట్స్ అండ్ కల్చర్ మేనేజ్‌మెంట్‌ను ప్రత్యేక రంగంగా పేర్కొన్నారు. ఇంత సూటిగా మన రంగం పేరు పెట్టే స్కాలర్‌షిప్పులు అరుదు. అమెరికా యూనివర్సిటీల్లో అసిస్టెంట్‌షిప్ ఉంటే ఫీజు కొంత తగ్గవచ్చు, అడిగినవారికే అవి తెలుస్తాయి.

వీసా తిరస్కరణల్లో కళ గురించిన కారణాలు ఉండవు, బ్యాంకు స్టేట్‌మెంట్ కారణాలు ఉంటాయి. బ్రిటన్‌కు మిగిలిన ఫీజుతో పాటు, 2025 నవంబరు నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171 చొప్పున తొమ్మిది నెలల సొమ్ము ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. ఆ 28 రోజుల్లో ఒక్క రోజు తగ్గినా లెక్క చెడుతుంది. కాలేజీ డిపాజిట్ అదే ఖాతా నుంచి కట్టి నిల్వ తగ్గించుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు వేరు. జర్మనీలో బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అమెరికాకు సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) రుసుము 350 డాలర్లు, ఐ-20లో రాసిన మొదటి ఏడాది ఖర్చుకు ఆధారాలు.

వీసా అధికారి ‘ఈ చదువుతో ఉద్యోగమేంటి?’ అని అడగొచ్చు. ఇంజనీరింగ్ వాళ్లకు ఈ ప్రశ్న తక్కువ, మనకు ఎక్కువ. రెండు ఉద్యోగాల పేర్లు, అవి దొరికే సంస్థల రకాలు, ఒక వాక్యంలో చెప్పగలగాలి.

చేరాక మొదటి రెండు నెలలు

పని వెతకడం మొదటి వారంలోనే మొదలుపెట్టండి. బ్రిటన్‌లో ఏడాది కోర్సంటే తరగతులు నిజంగా జరిగేది ఏడెనిమిది నెలలే. నాటకశాలల ఫ్రంట్ ఆఫ్ హౌస్ ఉద్యోగాలు, అంటే టికెట్లు చూడటం, సీట్లు చూపించడం, బాక్సాఫీసులో కూర్చోవడం మంచి గుమ్మం. సాయంత్రాలు ఉంటాయి, తరగతులకు అడ్డు రావు, పేస్లిప్ వస్తుంది. బాక్సాఫీసులో టెసిటురా, స్పెక్ట్రిక్స్ లాంటి టికెటింగ్ సాఫ్ట్‌వేర్లు వాడటం అలవాటైతే మేలు, తర్వాతి ఉద్యోగ ప్రకటనల్లో అవే అడుగుతారు.

ఉచితంగా పనిచేసేటప్పుడు జాగ్రత్త. బ్రిటన్‌లో ఒక ఛారిటీకి ఒప్పందం, తప్పనిసరి వేళలు లేకుండా చేసే సాయం వేరు. జీతం లేకపోయినా ఉద్యోగి చేసే పనే చేస్తే అది 20 గంటల్లో కలుస్తుంది. రెంటికీ తేడా రాతలో పెట్టించుకోండి.

డిసర్టేషన్ అంశాన్ని ఉద్యోగం వైపు చూపు పెట్టి ఎంచుకోండి. ఒక సంస్థ సమస్యను తీసుకుంటే ఐదారుగురు మేనేజర్లను ఇంటర్వ్యూ చేసే అవకాశం వస్తుంది, విద్యార్థిగా అడిగితే సాధారణంగా కాదనరు. మనుషులతో ఇంటర్వ్యూలకు యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. ఫిబ్రవరిలో ఫారం వేస్తే వసంతంలో మాట్లాడొచ్చు, జూన్‌లో వేస్తే ఉత్సవాల హడావుడిలో ఎవరూ దొరకరు.

ముగింపు తేదీల లెక్క

అమెరికాలో ఓపీటీ దరఖాస్తు కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా వేయొచ్చు. మొదటి రోజే వేయండి. ఓపీటీ మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. రంగానికి సంబంధించినదై, కార్మిక చట్టాలకు లోబడి, వారానికి కనీసం 20 గంటలు చేసే జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది. రెండు చిన్న సంస్థల్లో కలిపినా సరే, ఆ సంస్థల లేఖలు మాత్రం దగ్గర ఉంచుకోండి. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసాకు ఉద్యోగం చేతిలో ఉండనక్కర్లేదు. కానీ యూనివర్సిటీ మీరు కోర్సు పూర్తిచేసినట్టు హోం ఆఫీసుకు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలిపాక, స్టూడెంట్ వీసా ముగిసేలోగా, దేశంలో ఉండగానే దరఖాస్తు వేయాలి. డిసర్టేషన్‌కు గడువు పొడిగింపు తీసుకున్నవాళ్లకు ఈ మధ్య కాలం ఇరుకైపోతుంది. పొడిగింపు అడిగే ముందు ఫలితాలు ఏ తేదీకి వస్తాయో, వీసా ఏ తేదీకి ముగుస్తుందో పక్కపక్కన రాసి చూసుకోండి.